గాజు కాలువ సారు

సంతాప సభలో పెట్టిన ఫొటోలో సారు టై కట్టుకుని ఉన్నారు. ఆ ఫొటో ఎక్కడ దొరికిందో నాకు తెలియదు. ఏడేళ్ళు ఆయన గది నేల తుడిచినదాన్ని, ఆయన మెడలో టై ఒక్కనాడూ చూడలేదు. నేను చూసిన సారుకు కుడిచేతి చొక్కా మోచేతి దాకా తడిసే ఉండేది. పెద్దవాళ్ళు చాలామంది లేచి మాట్లాడారు. సగం ఇంగ్లీషు. ఎన్ని పేపర్లు రాశారో, ఏయే దేశాలు వెళ్ళారో చెప్పారు. నేను వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. నన్ను ఎవరూ మాట్లాడమనలేదు. అడిగి ఉంటే వాళ్ళకంటే బాగా చెప్పేదాన్ని. నాకు చదువు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఇందులో అక్షరం తప్పుంటే కోడలిది, మాట తప్పుంటే నాది.

నా మొగుడు పోర్టులో ఓడల అడుగులు గోకేవాడు. ఓడను నీళ్ళలోంచి పైకి తెచ్చి ఆరబెట్టాక, దాని పొట్టకు పట్టిన గుల్లలు, నాచు, తుప్పు ఇనప బద్దతో గీకి తీయడం ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా ఎర్రటి పొడి ఉండేది. "గరుగ్గా ఉంటే నీరు ఓడని పట్టి లాగుద్దే. నున్నగుంటే జారిపోద్ది," అనేవాడు. ఆ పొడే ఊపిరితిత్తులు తినేసింది. ఆయన పోయాక నేను కాంట్రాక్టరు కింద కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. గోపాలపట్నం నుంచి దువ్వాడ వైపు రోజూ బస్సు. నీళ్ళ ల్యాబు నా వంతుకు వచ్చింది.

ఆ గదిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక కాలువ. రెండు పక్కలా గాజు గోడలు, అడుగున నల్లటి పలక. ఒక చివర పంపు నీళ్ళను తోస్తుంది. ఇంకో చివర తొట్టిలో పడతాయి. తొట్టి నుంచి మళ్ళీ పంపుకే. సారు గాజుకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, వంగి నిలబడేవారు. మొదటి రోజు నేను చీపురు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

"ఏటి సారూ, ఈ నీల్లు ఎక్కడికీ ఎల్లవేటి?"

"వెళ్ళక్కర్లేదమ్మా. గోడ దగ్గర ఏం చేస్తున్నాయో చూడటానికే ఇదంతా."

"గోడకాడ నీల్లు ఏటి సేత్తాయి? గోడని తడుపుతాయి."

సారు గాజు మీద నుంచి చెంప తీసి నవ్వారు. మెకానిక్ అప్పల్రాజు పంపు వెనక నుంచి తల పైకెత్తి చూశాడు. "వదినా, వచ్చిన రోజే సారుని నవ్వించీసావు. మాకు రెండేళ్ళు పట్టింది."

సారు కృష్ణా జిల్లా మనిషి. ఏ మాటైనా నిదానంగా, పూర్తిగా చెప్పేవారు. గోడను ఆనుకున్న నీళ్ళు కదలవని, పారే కాలువలో కూడా గోడకు తగిలిన పొర నిలబడే ఉంటుందని ఒకరోజు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. పారే నీరు నిలబడటమేమిటి? సారు వాదించలేదు. తల పైకెత్తి ఫ్యాను చూపించారు.

"రోజంతా తిరుగుతుంది కదా. రెక్క మీద దుమ్ము ఎందుకు ఎగిరిపోదు?"

నెలకోసారి స్టూలెక్కి ఆ దుమ్ము తుడిచేది నేనే. నాకు తెలియని దుమ్మా? రెక్క ఎంత జోరుగా తిరిగినా దాన్ని అంటుకున్న గాలి రెక్కతోనే తిరుగుతుంది, అందుకే దుమ్ము కదలదు అన్నారు. స్టూలు మీద నిలబడి రెక్క మీద వేలు పెట్టి చూసుకున్నాను. నల్లటి మెత్తటి దుమ్ము. ఆ రోజుతో నేను నమ్మాను. మనిషి చెబితే నమ్మను, నా వేలికి తగిలితే నమ్ముతాను.

ఎర్ర రంగు నీళ్ళు సన్నటి గొట్టంలోంచి పలకను ఆనించి వదిలేవారు. ఆ ఎరుపు దువ్విన జుట్టులా పాయలు పాయలుగా విడిపోయి నెమ్మదిగా పారేది. పారుతూ పారుతూ ఒక పాయ ఉన్నట్టుండి తల ఎత్తేది. ఊగేది. పైనున్న జోరు నీళ్ళలో పడి చిట్లిపోయేది. అప్పుడు సారు "లేచింది" అనేవారు. అంటూ కుడిచేతి మణికట్టు కొంచెం పైకి లేపేవారు, పాము పడగ ఎత్తినట్టు. ఆ అలవాటు ల్యాబు బయట కూడా పోలేదు. డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఎవరి మీదైనా గొంతు పెంచితే, సారు నా వైపు చూసి మణికట్టు లేపేవారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని.

ఏ పాయ ఎప్పుడు లేస్తుందో చెప్పమంటే సారు చెప్పరు. "నేనే కాదు, ఎవరూ చెప్పలేరు నూకాలమ్మా. కానీ వెయ్యి లేవనీ. గంటకు ఎన్ని లేస్తాయో, మధ్యలో ఎంతసేపు ఊరుకుంటాయో అప్పుడు చెప్తాను." అందుకని లెక్కపెట్టడమే ఆయన పని. కెమెరా ఉంది, కంప్యూటరు ఉంది. అయినా ముందు కంటితో లెక్కపెట్టాలి అనేవారు. కాగితం మీద గీతలు గీస్తూ ఉంటే తలవంచిన క్షణంలో ఒకటి లేచిపోతుందని ఆయన బాధ. నేను ఇంటి నుంచి చింతపిక్కలు తెచ్చి ఇచ్చాను. ఒకటి లేస్తే ఒక పిక్క స్టీలు గిన్నెలో. కళ్ళు గాజు మీదే ఉంటాయి, చెయ్యి తన పని తాను చేస్తుంది. అప్పటి నుంచి ఆ గదిలో టక్కు టక్కుమని పిక్కల చప్పుడే.

బస్సు ఎప్పుడూ లేటే అని ఒకసారి సాకు చెప్పాను. "ఎప్పుడూ అనకు. లెక్కపెట్టు," అన్నారు. నా పేరున రెండు డబ్బాలు పెట్టారు. బస్సు లేటయితే ఒకదానిలో, నేను లేటయితే ఇంకోదానిలో పిక్క వెయ్యాలి. నెలాఖరుకు డబ్బాలు బోర్లించారు. నా డబ్బా బస్సు డబ్బాకు రెండింతలుంది.

"ఇప్పుడేటంతావు వదినా?" అన్నాడు అప్పల్రాజు.

"ఏటంతాను? బస్సు మంచిదంతాను," అన్నాను.

సారు దగ్గర మాధవి అనే పిల్ల రీసెర్చ్ చేసేది. గాజువాక పిల్ల. వాళ్ళ నాన్న స్టీలు ప్లాంటులో కొలిమి దగ్గర పని. ఆ ఇంట్లో అంత చదువు చదివింది ఆమే మొదలు. నన్ను పిన్నీ అనేది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా గాజు ముందు కూర్చుని పిక్కలు వేసేది ఆ పిల్లే. ఆ లెక్కల మీదే దాని డాక్టరేటు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. దాచుకోవలసింది ఏమీ లేదు.

మార్గశిర మాసంలో గురువారాలు మా వైపు ఆడవాళ్ళకు పెద్దవి. బుధవారమే ఇల్లు కడగాలి, గిన్నెలు తోమాలి, గడపకు పసుపు రాయాలి. లక్ష్మి వచ్చే వేళకు ఇంట్లో జిడ్డూ పాచీ కనిపించకూడదు. నేను ఇంటికి చేసినట్టే పని చేసే చోటుకూ చేస్తాను. రెండో గురువారం ముందు బుధవారం, సారు హైదరాబాదు వెళ్ళారు. అప్పల్రాజు నీళ్ళు మార్చడానికి కాలువ ఖాళీ చేశాడు. పలక మీద పచ్చటి పాచి. మెత్తటి గుడ్డతోనే తుడవమని సారు చెప్పి ఉన్నారు. తుడిచాను. తుడుస్తూ తుడుస్తూ నీళ్ళు మొదలయ్యే చోటికి వచ్చాను. అక్కడ జాలీ కింద ఎవరూ చూడని మూల, పలక మీద అడ్డంగా రెండు వేళ్ళ వెడల్పున ఏదో నల్లగా అతుక్కుని ఉంది. గుడ్డకు రాలేదు. వేలు పెడితే గరగరలాడింది. అచ్చం ఓడకు పట్టిన గుల్లల్లా.

నా మొగుడి బద్ద నా సంచిలోనే ఉంటుంది. నేలకు అతుక్కున్న చూయింగ్‌గమ్ తీయడానికి తెచ్చుకుంటాను. ఆయన ఎలా పట్టుకునేవాడో అలాగే పట్టుకుని గీకాను. వచ్చేసింది. చెత్తలో పడేశాను. కాలువ స్టాండు కాలికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టాను. నా మొగుడు ఉంటే నా పని చూసి మెచ్చుకునేవాడు అనుకున్నాను.

మర్నాటి నుంచి గిన్నెలో పిక్కలు తగ్గాయి. అంతకుముందు గిన్నె నిండేది. ఇప్పుడు కొన్నిరోజులు అడుగు కనిపించేది, కొన్నిరోజులు సగం. ఎరుపు పాయలు లేవకుండా చాలా దూరం నూనెలా జారిపోయేవి. సారు పంపు విప్పించారు. బేరింగులు మార్పించారు. జాలీ పైనుంచి కడిగించారు. నెల గడిచింది. ఏదీ కుదరలేదు.

ఒక మధ్యాహ్నం సారు మాధవిని అడిగేశారు. "లెక్కపెడుతున్నావా, ఫోన్ చూసుకుంటూ తోచిన అంకె రాస్తున్నావా?"

ఆ పిల్ల బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది. నేను బయట నేల తుడుస్తున్నాను. "నాను సూసింది సూసినట్టే రాసాను పిన్నీ. దొంగ లెక్కలంతన్నారు. ఇంక నాకు డిగ్రీ రాదు. నాన్నకి ఏటని సెప్పను?" అంది. ముఖం కడుక్కో అని చెప్పాను. అంతకంటే నాకేం తెలుసు?

మర్నాడు సారు బోర్డు మీద కాలువ బొమ్మ గీసి ఆ పిల్లతో గట్టిగా మాట్లాడుతున్నారు. "నీళ్ళు మొదలయ్యే చోట గరుకు పట్టీ ఉంది. నాకు ముందున్న వాళ్ళు అతికించింది. అది తగలగానే నీళ్ళు చెదరాలి. చెదిరితేనే పాయలు లేస్తాయి. పట్టీ ఉండగా నీళ్ళు ఇంత నున్నగా ఎలా పోతాయి? ఇక్కడ లేనిది ఒక్కటే, నీ శ్రద్ధ."

నా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఓడకు గరుకు శత్రువు. ఈ కాలువకు గరుకే ప్రాణం. నేను దాన్ని గీకి చెత్తలో పడేశాను.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే నా పని పోతుంది. కాంట్రాక్టరు కింద మనిషిని తీసేయడానికి ఒక్క ఫోను చాలు. వెంటనే చెప్పేశానని గొప్పలు పోను. నేల ఒకసారి మొత్తం తుడిచాను. తుడిచిన నేలనే రెండోసారి తుడిచాను. అప్పుడు చెప్పాను.

"సారూ, ఆ పట్టీ లేదు."

"ఏంటి?"

"నాను గోకీసాను. గరుగ్గా ఉంటే మురికనుకున్నాను. సెత్తలో పడీసాను."

సారు పారే నీళ్ళలోకి చెయ్యి పెట్టారు. భుజం దాకా దించి, జాలీ కింద తడిమారు. చెయ్యి తీయకుండానే అడిగారు.

"ఎప్పుడు?"

"రెండో మార్గశిర గురువారం ముందు బుదోరం. మీరు ఐదరాబాదు ఎల్లినప్పుడు."

"మెత్తటి గుడ్డతో తుడవమని చెప్పాను కదా."

"సెప్పారు. ఎందుకో సెప్పనేదు. ఎందుకో సెప్పుంటే పేనం పోయినా ముట్టను."

నా గొంతు కొంచెం పెద్దదే. అప్పల్రాజు వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. సారు మాత్రం "నిజమే," అన్నారు. చెయ్యి తుడుచుకోకుండా, నీళ్ళు కారుతూ ఉండగానే మాధవి ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

"ఒక్క పాయ లేచిందని ఏమీ తేల్చకూడదని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్తున్నాను. నీ లెక్క ఒక్క నెల తగ్గితే నిన్ను దొంగను చేశాను. పంపు విప్పాను గానీ ఇక్కడ చెయ్యి పెట్టి చూడలేదు. తప్పు నాదమ్మా."

ఆ పిల్ల ఏడుస్తూ తల ఊపింది. అప్పల్రాజు పంపు వైపు తిరిగి బిగించనవసరం లేని బోల్టు బిగించాడు. సారు నాలుగు రోజుల్లో కొత్త గరుకు పట్టీ అతికించారు. పాయలు లేచాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. పాడైన నెల లెక్కలను సారు పారేయనివ్వలేదు. అవి కూడా మాధవి పుస్తకంలో ఉండాలన్నారు. పట్టీ ఉన్నప్పటి లెక్క వేరు, లేనప్పటి లెక్క వేరు, రెండూ నిజమే అన్నారు. ఆ పిల్లకు పరీక్ష పెట్టే రోజు దగ్గరపడింది. బయటి ఊరి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వస్తారట. ముందు రోజు నేను మెట్ల మీద కూర్చుని చద్దన్నం తింటుంటే సారు వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నారు.

"ఆయన ఆ నెల గురించి తప్పకుండా అడుగుతాడు. లెక్క కుదరక పట్టీ పోయిందని కథ అల్లారేమో అంటాడు. పట్టీ పోయిన రోజు ఏదో తెలిసింది నీకొక్కదానికే."

"నన్ను రమ్మంతన్నారా?"

"రమ్మని చెప్పడం లేదు. డిపార్ట్‌మెంట్ పెద్దాయన కూడా అక్కడే ఉంటారు. చెప్పావంటే నీ పని ఉంటుందో పోతుందో తెలియదు."

"నూటికెంత సారూ? మీరు లెక్కలోరు కదా."

"వెయ్యిమంది నూకాలమ్మలు ఉంటే చెప్పేవాణ్ణి. నువ్వు ఒక్కదానివే. ఒక్కదాని గురించి నా లెక్క పనికిరాదు. కాపాడతానని మాట ఇవ్వలేను."

ఇంకొకరైతే, నేనున్నాను భయపడకు అనేవారు. ఆయన అనలేదు. అందుకే నాకు ఆయన మీద నమ్మకం. అన్నం గిన్నె మూత పెట్టి "వస్తాను" అన్నాను.

పరీక్ష గదిలో బల్లకు ఆ వైపు నలుగురు. మాధవి తెల్లబోర్డు దగ్గర నిలబడి ఉంది, పెదవులు ఎండిపోయి. నేను లోపలికి వెళ్ళగానే మా పెద్దాయన ముఖం చిట్లించారు. సారు మణికట్టు లేపి చూపించే కోపమే అదని నాకు అర్థమైంది. బయటి ఊరి ప్రొఫెసరు కళ్ళద్దాలు సవరించుకుని అడిగారు.

"పట్టీ తీసింది నువ్వేనా?"

"నానే."

"ఏ రోజు?"

"రెండో మార్గశిర గురువారం ముందు బుదోరం. మధ్యాన్నం అన్నాలు తిన్నాక."

"అంత గట్టిగా ఎలా చెప్తావు?"

"మొదటి గురువారం అమ్మోరి దరిసినానికి ఎల్లాను, పనికి రానేదు. మూడోదానికి నాకు జొరం. కాలవకి పసుపు రాసింది రెండోదానికే."

"ఈ అమ్మాయి లెక్కల పుస్తకం చూశావా? తేదీ అందులో చూసుకుని చెప్తున్నావా?"

"నాకు చదువు రాదు బాబూ."

ఆయన ఫోనులో క్యాలెండరు తీశారు. తిథి చూశారు. మాధవి పుస్తకం తిరగేశారు. బుధవారం దాకా పెద్ద అంకెలు. గురువారం నుంచి చిన్నవి అని తరువాత మాధవి చెప్పింది. ఆయన వేలితో ఆ పేజీ మీద రెండుసార్లు తట్టారు. పుస్తకం మా పెద్దాయన వైపు తోసి చూపించారు. తరువాత మాధవిని వేరే ప్రశ్న అడిగారు. ఇంక ఆ నెల ఊసెత్తలేదు. సాయంత్రానికి ఆ పిల్ల డాక్టరు మాధవి అయింది. వాళ్ళ నాన్న గాజువాక నుంచి స్వీటు డబ్బాలతో వచ్చి, కాలేజీలో ఎవరు కనబడితే వాళ్ళ చేతిలో పెట్టాడు. నాకు రెండు ఇచ్చాడు.

వారం తిరగకుండా నన్ను ల్యాబు నుంచి తీసేశారు. సామాన్లు పాడు చేసే మనిషి అని పెద్దాయన చెప్పారట. సారు రెండుసార్లు వెళ్ళి మాట్లాడారు. పూర్తిగా మాన్పించకుండా ఆడపిల్లల హాస్టలుకు మార్చారు. ఊడ్చే పని పోయి బాత్రూముల పని వచ్చింది. సారు నాకు క్షమాపణ చెప్పలేదు, నేను ఎదురు చూడలేదు. ముందే చెప్పిన మనిషి కదా.

కానీ కాలువ ఖాళీ చేసిన ప్రతిసారీ సారు ఎండలో నడిచి హాస్టలు గేటు దగ్గరకు వచ్చేవారు. లోపలికి రానివ్వరు కాబట్టి బయట నిలబడి "నూకాలమ్మా, నీళ్ళు తీసేశాం!" అని కేకేసేవారు. వార్డెన్ మేడం "ఆడపిల్లల హాస్టలు ముందు ఆ కేకలేమిటండీ?" అని కసిరేది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి, మెత్తటి గుడ్డతో పలక తుడిచి వచ్చేదాన్ని. ఇంకొకరు ముడితే ఒప్పుకునేవారు కాదు. కొత్తగా ఎవరు చేరినా, వాచ్‌మన్ అయినా సరే, ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆ పట్టీ మీద పెట్టించి అదెందుకో చెప్పేవారు.

రిటైరయ్యాక కూడా వచ్చారు. చివరిసారి వచ్చింది పోయిన వేసవిలో, చేతికర్రతో. అప్పటికి కాలువలో కొత్త పలక వేశారు, కొత్త పట్టీ అతికించారు. సారుకు షుగరు. వేళ్ళకు స్పర్శ పోయింది. పట్టీ మీద చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళ వైపు చూసుకున్నారు.

"నాకు తెలియడం లేదు. నువ్వు చూడు."

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేలితో నెమ్మదిగా తడిమాను. "ఉంది సారూ. అంతా ఒక్కలాగే గరుగ్గా ఉంది. ఆ చివర మాత్రం గోరంత లేచింది, అతికించాలి."

అప్పల్రాజు ఫోను తీశాడు. "ఫొటో తీసి పెద్దది చేసి సూద్దాం సారూ. గోరంతో, లేదో తెలిసిపోద్ది."

"తరవాత తియ్యి," అన్నారు సారు. "ముందు నూకాలమ్మ చెప్పింది రాసుకో."

అప్పల్రాజు రాసుకున్నాడు. తరువాత ఫొటో తీశారో లేదో నేను ఆగి చూడలేదు. హాస్టల్లో నాలుగు బాత్రూములు ఇంకా మిగిలి ఉన్నాయి.